ఒకే తుపాకీ మీద రెండు చేతులు: లాంకాస్టర్ తరహా రైఫిల్ నగిషీ పనిపై కేస్ స్టడీ

గత ఏడాది అమెరికాలోని నా పనిగదిలో పూర్తయిన, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే ఒక రైఫిల్ మీద నేను చేసిన కొయ్య చెక్కడం, ఇత్తడి నగిషీ పనుల వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. అంతా అనుకున్నట్టే సాగి ఉంటే దీన్ని రాయవలసిన అవసరం కలిగేది కాదు. పూర్తయిందని పక్కన పెట్టిన ఇత్తడి నగిషీని ఆకురాయితో అరగదీసి మళ్లీ మొదటి నుంచి చెక్కవలసి వచ్చింది. ఆ పొరపాటు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చూసుకుంటే దాని మూలం నా చేతి అలవాటులోనే కనిపించింది.

ముందుగా తుపాకీ గురించి కొంత చెప్పాలి. మూతి వైపు నుంచి మందు, గుండు కూరే తుపాకీ అనగానే మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకీ గుర్తుకు వస్తుంది. కూరే పద్ధతి వరకు ఆ పోలిక సరైనదే. నేను పని చేసింది అమెరికన్ లాంగ్ రైఫిల్ అనే వేరే సంప్రదాయానికి చెందిన తుపాకీ మీద. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ భాష మాట్లాడే తుపాకీ పనివారు పెన్సిల్వేనియాకు వలస వచ్చినప్పుడు తమతో తెచ్చుకున్న పొట్టి, బరువైన యాగర్ రైఫిల్, ఇక్కడి అడవులకూ ఇక్కడి వేటకూ తగ్గట్టు క్రమంగా సన్నబడి, పొడవు పెరిగి ఈ రూపానికి వచ్చింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్, రీడింగ్, యార్క్, లీహై అంటూ ప్రాంతాన్ని బట్టి వీటి శైలులు వేరు. కొయ్య వంపునూ ఇత్తడి రేకు ఆకారాన్నీ చూసి తుపాకీ ఏ ప్రాంతానిదో చెప్పగలవారు ఇప్పటికీ ఉన్నారు. లాంకాస్టర్ శైలికి పేరు తెచ్చినవారిలో జేకబ్ డికర్ట్ ముఖ్యుడు. 1740లో జర్మనీలోని మైంజ్‌లో పుట్టి, 1748లో కుటుంబంతో పెన్సిల్వేనియా చేరి, లాంకాస్టర్‌లో తుపాకీ పనివాడిగా స్థిరపడి, 1822లో మరణించాడు.

ఈ పని అప్పగించిన పెద్దమనిషి మా కౌంటీలోనే ఉంటారు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తరువాత జింకల వేటకు చెకుముకి తుపాకులకు మాత్రమే అనుమతి ఉండే ప్రత్యేక కాలం 1974 నుంచి నడుస్తోంది. ఆయన ఏటా ఆ కాలంలో అడవికి వెళ్తారు. డికర్ట్ పద్ధతిలో, 1790 ప్రాంతపు పోకడలో, 50 క్యాలిబర్ (గొట్టం రంధ్రం అర అంగుళం) రైఫిల్ కావాలని అడిగారు. మంచులో, తడిలో తిరిగే తుపాకీ కాబట్టి నగిషీ చేయి తగిలితే విరిగేంత సున్నితంగా ఉండకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. ఇప్పుడు చూస్తే ఆ షరతులోనే సగం పరిష్కారం ఉంది. దాన్ని నేను కొయ్య విషయంలో పాటించాను, ఇత్తడి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

నా నేపథ్యం గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు. నా చేతికి ముందుగా అలవాటైనది లోహం. పెంబర్తి దగ్గర బంధువుల ఇంట్లో ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనక నుంచీ ముందు నుంచీ సుత్తితో కొట్టి బొమ్మ తేల్చడం చూస్తూ పెరిగాను. ఆ పనిలో లోహం పక్కకు జరుగుతుందే తప్ప పోదు. గ్రేవర్ అనే సన్నని ఉక్కు ఉలితో లోహాన్ని తొలిచి తీసే పని అమెరికా వచ్చాకే నేర్చుకున్నాను, అదీ మైక్రోస్కోప్ కింద, ఆభరణాల మీద. కొయ్య చెక్కడం ఆ తరువాత చాలా ఏళ్లకు, పాత తుపాకులను దగ్గరగా చూస్తూ, పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్న పని. అంటే నాలో ఇద్దరు పనివాళ్లు ఉన్నారు. ఒకరు చేతిపొడవు దూరం నుంచి చూస్తారు, ఇంకొకరు అంగుళం దూరం నుంచి చూస్తారు.

గొట్టం, లాక్ (చెకుముకి రాయిని కొట్టి మందు అంటించే యంత్రం) నేను చేసినవి కావు. 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టాన్ని దాన్నే వృత్తిగా చేసుకున్నవారి దగ్గర కొన్నాను. లాక్ పోత భాగాలను తెప్పించి బిగించుకున్నాను. ఇనుప ముద్దతో మొదలుపెట్టి గొట్టం, లాక్, మరలతో సహా ప్రతిదీ చేత్తో చేసేవారు కూడా ఉన్నారు. 1960లలో వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే చారిత్రక ప్రదర్శన పట్టణంలో తుపాకీ పనివాడు వాలస్ గస్లర్ అలా చేసి చూపించారు. నేను ఆ స్థాయి వాణ్ణి కాను. కొయ్య మాత్రం ముడి పలక నుంచి తీసిందే. అడ్డంగా వెలుగునీడల పట్టీలు పరుగెత్తే పులిచారల మేపుల్ అది.

ఈ పులిచారల వల్లే చూసేవారికి ఆనందం, చెక్కేవాడికి బాధ. నార నేరుగా సాగకుండా అలలుగా పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి, ఉలి ఒక చారలో నున్నగా కోసి, కొన్ని మిల్లీమీటర్లు దాటగానే పక్క చారలో పెళ్ల లేపుతుంది. టేకు మీద చేయి తిరిగినవారికి ఇది మొదట అర్థం కాదు. ఉలిని నేరుగా తోయకుండా ఏటవాలుగా పట్టి కోయాలి. బొమ్మ చుట్టూ ఉండే నేలను చదును చేసేటప్పుడు చివరి కొద్దిపాటి మందం తీసే పని ఉలికి వదలకుండా స్క్రేపర్ రేకుతో గీకి తీయాలి. రోజుకు ఎన్నిసార్లు సాన పట్టానో లెక్క పెట్టలేదు కానీ, పావుగంటకు ఒకసారి తోలు పట్టీ మీద ఉలిని రుద్దకుండా ఈ కొయ్య మీద పని చేయకూడదని నా అనుభవం.

చెక్కడం ఎక్కడెక్కడ ఉండాలన్నది ఈ శైలిలో చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. గొట్టం తోక దిగే చోట ఒక చిన్న ఆకు, లాక్ వెనకా దాని ఎదురు పక్కనా పలకల అంచు, మందు కూరే కడ్డీ కొయ్యలోకి దూరే చోట ఒక మొగ్గ, మడమ (భుజానికి ఆనే వెనక కొయ్య భాగం) కింది అంచు వెంబడి ఒక గీత పట్టీ ఉంటాయి. వీటి గురించి ఎక్కువ చెప్పను. అసలు పని అంతా మడమ ఎడమ వైపున, చెంప ఆనే ఉబ్బు భాగమైన చీక్‌పీస్ వెనక ఉండే స్థలంలో జరుగుతుంది. అరచేతి కంటే కొంచెం పెద్దదైన ఆ త్రికోణపు జాగాలో రొకోకో అనే పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ అలంకార శైలిలో తీగ ఒకటి పుట్టి, ఇంగ్లీషు సి అక్షరంలా ఒకసారి వంగి, ఎస్ అక్షరంలా ఇంకోసారి తిరిగి, అకాంథస్ మొక్క ఆకుల్లాంటి ఆకులు విప్పుకుని ముగియాలి.

గీతకు ముందు కొయ్య ఆకారం తేలాలి. మడమ వంపు సరిగా లేకపోతే దాని మీద ఎంత అందమైన తీగ చెక్కినా గోనెసంచి మీద జరీ కుట్టినట్టే ఉంటుంది. లాంకాస్టర్ మడమ గీతలు దాదాపు తిన్నగా ఉంటాయి. చెంప దగ్గరి పై అంచూ కింది అంచూ రెండు తాళ్లు లాగి పట్టినట్టు వెనక్కి పోతాయి. అందువల్ల తీగలోని వంపులన్నీ ఆ తిన్నని గీతలకు ఎదురు నిలిచి బలంగా కనిపిస్తాయి. నేను చెక్కబోయే చోట మాత్రం కొయ్యను ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎత్తుగా వదిలిపెట్టి మిగతా మడమను తుది రూపానికి తెచ్చాను. ఉబ్బెత్తు చెక్కడం పైన అతికించినట్టు కనిపించకూడదంటే దాని మందం ముందే కొయ్యలో దాచి ఉంచుకోవాలి.

బొమ్మను కాగితం మీద గీసి దించలేదు. మెత్తని పెన్సిల్‌తో నేరుగా కొయ్య మీదే, తుపాకీని ఒడిలో పెట్టుకుని గీశాను. తుడిచాను, మళ్లీ గీశాను. నాలుగో రోజుకు ఒక తీగ నిలబడింది. దాన్ని గది అవతలి గోడకు ఆనించి తలుపు దగ్గర నిలబడి చూసినప్పుడు మూడు కదలికలు స్పష్టంగా తెలిశాయి. ముందు వంపు, ఎదురు తిరుగుడు, చివర విప్పుకునే ఆకు. ఆ దూరం నుంచి కనిపించని గీతలన్నీ చెరిపేశాను.

తరువాతి పని సహనానిది. వి ఆకారపు ఉలితో తీగ అంచుకు కాస్త బయటగా గాడి తీసి, వంపుకు సరిపోయే వంపు ఉలులను నిలువుగా నొక్కుతూ అంచును కత్తిరించాను. ప్రతి వంపుకూ సరైన ఉలి దొరకదు. దొరకనిచోట ఉలినే తిప్పుతూ కోయాలి. ఆ తరువాత నేలను దించడం మొదలవుతుంది. కొత్తవారు చేసే పొరపాటు ఇక్కడే ఉంటుంది. తీగ చుట్టూ మాత్రమే తవ్వి వదిలేస్తే బొమ్మ గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. నేలను బొమ్మ నుంచి దూరంగా, మడమ అంచుల దాకా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలియనంత నెమ్మదిగా దించుకుంటూ పోవాలి. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూస్తే మాత్రమే మిట్టపల్లాలు తెలుస్తాయి. చివరికి ఉబ్బు ఎత్తు ఎక్కువున్నచోట ఒకటింపావు మిల్లీమీటరు, ఆకుల కొసల దగ్గర దాదాపు శూన్యం. వేటకు తీసుకుపోయే తుపాకీకి అంతకు మించి అక్కర్లేదు. నీడ పడటానికి ఆ ఎత్తు చాలు, కొమ్మలకు తగిలి విరగడానికి చాలదు.

ఇక్కడ ఒక చిన్న ప్రమాదం జరిగింది. ముందు వంపు లోపలి మూలలో ఇరుక్కున్న పెళ్లను ఎత్తడానికి ఉలిని మీటాను. మీటినప్పుడు ఉలి వెనక భాగం తీగ అంచు మీద ఆనింది. కొయ్య విరగలేదు కానీ నార నలిగింది. తడి గుడ్డ వేసి వేడి ఇనుముతో ఆవిరి పట్టాను, చాలావరకు పైకి లేచింది. పూర్తిగా లేవలేదని రంగు వేసినప్పుడు తెలిసింది, అది తరువాత చెబుతాను.

మడమ కుడి వైపున ప్యాచ్‌బాక్స్ ఉంటుంది. గుండుకు చుట్టే జిడ్డుగుడ్డ ముక్కలు దాచుకునే చిన్న అర అది. దాని ఇత్తడి మూత, పక్క రేకులు, శిరస్సు కలిసి ఈ తుపాకులకు ముఖం లాంటివి. లాంకాస్టర్ పనివారు ఆ శిరస్సును తరచుగా డైసీ పువ్వు ఆకారంలో కోసేవారు. నేను 1.3 మిల్లీమీటర్ల రేకు తీసుకుని నాలుగు ముక్కలుగా కోసి, మూతను మడమ వంపుకు తగ్గట్టు కొద్దిగా ఉబ్బించి, కొయ్యలో పొదిగి, మరలు బిగించి, అంచులన్నీ సమం చేసి, 400 నంబరు గరుకు కాగితం దాకా నునుపు చేశాను. ఉబ్బించడానికి మూతను కాల్చి మెత్తబరచవలసి వచ్చింది. కాల్చిన ఇత్తడి గ్రేవర్‌కు జిగురులా అడ్డుపడుతుంది, తీగలా లేవవలసిన రజను అంచున ముద్దగా పేరుకుంటుంది. అది మొదటి ఇబ్బంది. నేను దాన్నే అసలు ఇబ్బంది అనుకుని, గ్రేవర్ మొన కింద లోహానికి రాసుకునే భాగాన్ని అద్దంలా మెరుగుపెట్టి నెట్టుకొచ్చాను.

రేకులను విప్పి, లక్క పూసిన చెక్క దిమ్మ మీద అతికించి, మైక్రోస్కోప్ కిందికి తెచ్చాను. ఇత్తడి మీద తెల్లని నీటిరంగు పలుచగా పూసి, సన్నని పెన్సిల్‌తో బొమ్మ వేశాను. మూత మీద ఒక ఆకుల గుత్తి, శిరస్సు మీద డైసీ రేకలు, అంచులకు పట్టీ. ముప్పై గంటలకు పైగా కూర్చున్నాను. ఒక్కో పూరేకకు పద్దెనిమిది నీడ గీతలు, ఒకదానికొకటి సమాన దూరంలో, వెంట్రుకంత సన్నగా పడ్డాయి. ఒక్కటీ జారలేదు. ఆభరణం మీదైతే నేను గర్వపడే పని అది.

రేకులను తిరిగి కొయ్యలో బిగించి తుపాకీని కిటికీ దగ్గర నిలబెట్టాక ఏదో తేడా అనిపించింది గానీ పేరు పెట్టలేకపోయాను. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఒక పెద్దాయన ఆ వారం మా ఇంటికి వచ్చారు. తుపాకీని చేతిలోకి తీసుకుని ఎడమ వైపు చూశారు, తిప్పి కుడి వైపు చూశారు, మళ్లీ ఎడమకు తిప్పారు. "కొయ్య ఎవరు చెక్కారు?" అని అడిగారు. నేనే అన్నాను. "మరి ఇత్తడి?" అన్నారు. అది కూడా నేనే అని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఆయన వెళ్లాక పని బల్ల మీద పరీక్ష చేశాను. తుపాకీని చేతిపొడవు దూరంలో పట్టుకుంటే కొయ్య మీది తీగలో ఐదారు కోతలు మాత్రమే కంటికి తగులుతాయి, కానీ ఆ కొన్నీ కదులుతాయి. అదే దూరం నుంచి ఇత్తడి మీది పద్దెనిమిది గీతలు కలిసిపోయి బూడిదరంగు మసకగా మారాయి. దగ్గరికి తెస్తే లెక్కలేనంత పని కనిపిస్తుంది, దూరం జరిపితే ఏమీ ఉండదు. పైగా ఇత్తడి కొన్నేళ్లకు సహజంగా నల్లబడుతుంది, తడి గుడ్డలు, నూనె చేతులు తగిలి పైపొర అరుగుతుంది. అంత సన్నని నీడ మొదటి రెండు మూడు వేట కాలాల్లోనే పోతుంది. నజరేత్ దగ్గరి పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ మ్యూజియంలో పాత ప్యాచ్‌బాక్స్‌లను చూసినప్పుడు నేను గీసుకున్న బొమ్మలు తీసి చూశాను. వాటిలో గీతలు తక్కువ, లోతు ఎక్కువ. ఒకే గీత సన్నగా మొదలై మధ్యలో లావై మళ్లీ సన్నబడుతుంది. కొన్నిచోట్ల గీత అంచు దాటి పోయింది, ఎవరూ దిద్దలేదు. ఆ పనివాళ్లకు చేతకాక అలా చేశారని ఒకప్పుడు నేను లోలోపల అనుకునేవాణ్ణి. వేగంగా, నిశ్చింతగా కదిలిన చేతికి అలాంటి గుర్తులు మిగులుతాయని ఇప్పుడు అనుకుంటున్నాను.

అరగదీయాలని నిర్ణయించుకున్నాను. ఇది చెప్పినంత తేలిక కాదు. మూతను ఒక్కదాన్నే అరగదీస్తే పక్క రేకుల కంటే కిందికి దిగిపోతుంది కాబట్టి నాలుగు ముక్కలనూ కొయ్యలో బిగించి కలిపి అరగదీయాలి. ఇత్తడి దిగిన మేరకు చుట్టూ కొయ్య గట్టులా మిగులుతుంది, దాన్నీ స్క్రేపర్‌తో దించి మడమ దాకా కలపాలి. అప్పటికి ఇంకా రంగు వేయలేదు కాబట్టి బతికిపోయాను. మర తలల గాడులు కూడా అరిగి, రెండింటిలో స్క్రూడ్రైవర్ పట్టు దొరకనంత లోతు తగ్గాయి. వాటిని సన్నని రంపపు రేకుతో మళ్లీ తీశాను. సన్నని నీడ గీతలు త్వరగానే పోయాయి. ఆకుల బయటి గీతలు మాత్రం లోతుగా పడ్డాయి, వాటి అడుగు చేరేసరికి రేకు మందం 1.05 మిల్లీమీటర్లకు వచ్చింది. ఒకటి రెండు చోట్ల ఇంకా దించడం ఇష్టం లేక, మిగిలిన గాడిని బర్నిషర్ కడ్డీతో రుద్ది మూసేశాను. వెలుతురు ఒక కోణంలో పడితే మూత కింది అంచు దగ్గర ఆ పాత గీత నీడ ఇప్పటికీ తెలుస్తుంది.

రెండోసారి మొదలుపెట్టే ముందు వారం రోజులు తుక్కు ఇత్తడి ముక్కల మీద మాత్రమే చెక్కాను. మైక్రోస్కోప్‌కు ముసుగు వేసి, తలకు పెట్టుకునే మామూలు భూతద్దం వాడాను. గ్రేవర్ ముఖాన్ని 45 డిగ్రీల దగ్గరే ఉంచి, మొన కోణాన్ని కాస్త వెడల్పు చేశాను. అలా చేస్తే కొద్దిగా వాల్చగానే గీత లావెక్కుతుంది, నిటారు చేయగానే సన్నబడుతుంది. బొమ్మను వేళ్లతో గీయకుండా మోచేయి కదిలేలా నిలబడి గీశాను. ఎదురుగా కొయ్య మీది తీగను పెట్టుకున్నాను. మూత మీది ఆకు అదే చోట వంగాలి, అదే తొందరతో తిరగాలి. పూరేకకు పద్దెనిమిది గీతలకు బదులు ఐదు చాలాయి. అంచు పట్టీకి చదును మొన గ్రేవర్‌ను ఎడమకూ కుడికీ ఊపుతూ నడిపే పాత పద్ధతి వాడాను. వేగంగా సాగుతుంది, వేటి మధ్యా కొలిచినట్టు దూరం ఉండదు. ఈసారి మొత్తం పద్నాలుగు గంటల్లో ముగిసింది. ఒక చోట గ్రేవర్ జారి ఆకు బయటికి పోయింది. దిద్దుదామని బర్నిషర్ చేతిలోకి తీసుకుని, ఆలోచించి, పక్కన పెట్టేశాను.

చీక్‌పీస్ మీద పొదిగిన ఎనిమిది మొనల వెండి నక్షత్రం గురించి కూడా చెప్పాలి. ఈ శైలిలో అది తరచుగా కనిపిస్తుంది. దాన్ని ప్యాచ్‌బాక్స్ తరువాత చెక్కాను కాబట్టి ఇబ్బంది రాలేదు. ప్రతి మొనకూ మధ్యలో ఒక గీత, ఒక పక్కన నాలుగు నీడ గీతలు, అంతే.

రంగుకు పాతకాలపు ఆక్వా ఫోర్టిస్ వాడాను. ఇనుము కరిగించిన నత్రికామ్లమది. పూసినప్పుడు కొయ్య పచ్చగా, మురికిగా కనిపించి ఏదో పాడైపోయిందనిపిస్తుంది. వేడి గాలి తగలగానే ఎర్రటి గోధుమ రంగు ఒక్కసారిగా పరుగెత్తి పులిచారలు లేచి నిలబడతాయి. ఆమ్లాన్ని విరిచి, కడిగి, ఆరబెట్టి, అవిసె నూనె పట్టించాను. నార కొసలు తెగిన చోటల్లా రంగు ఎక్కువ తాగుతుంది కాబట్టి చెక్కడపు మూలలు వాటంతట అవే ముదురుతాయి. నేను ఉలితో నలిపిన ఆ ముందు వంపు లోపలి అంచు కూడా ముదిరింది, బియ్యపు గింజంత నల్లని మచ్చగా. గీకి తీయాలంటే తీగ సన్నబడుతుంది. వదిలేశాను, పెద్దమనిషికి తుపాకీ అప్పగించేటప్పుడు వేలు పెట్టి చూపించాను.

గొట్టం పై పలక మీద నా పొడి అక్షరాలు, సంవత్సరం చెక్కాను. పాతదిగా చెలామణి కాకుండా ఉండాలంటే కొత్త తుపాకీకి ఇది అవసరం. సంతకం విలువ తెలియాలంటే పెన్సిల్వేనియాలో క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లోని మొరావియన్ (ఒక క్రైస్తవ సమాజం) పనివాడు క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసి సంతకం పెట్టిన రైఫిల్ కథ చాలు. అది 1971లో వేలీ ఫోర్జ్ ప్రదర్శన నుంచి దొంగతనానికి గురై, 2018లో మళ్లీ దొరికింది.

క్రిస్మస్ తరువాతి వేట కాలం ముగిశాక ఆయన రైఫిల్‌ను నూనె పట్టించడానికి తెచ్చారు. ఇత్తడి అప్పటికే తేనెరంగుకు దిగింది, గాడుల్లో మందు మసి చేరి ఐదు గీతలూ నల్లగా నిలబడ్డాయి. జారిన ఆ గీత కూడా నల్లబడింది. అది ఆకు కాడ అనుకున్నానని ఆయన అన్నారు.